షీషాకి ఏం తక్కువైంది?

మన ఇళ్ళల్లో ఈ మధ్య ఫ్లాటు కొన్నా, ఇల్లు కట్టినా దీవాన్‌ఖానాలో ఒక గోడ ముందే రిజర్వు అయిపోతోంది. సోఫా వచ్చాక, ఝూమర్ వేలాడాక, ఆ గోడకి పెద్ద అక్వేరియం రావాలి. ఐదడుగులది, ఆరడుగులది, ఒక్కోచోట ఎనిమిదడుగులది. గోడలకి మనుషుల తస్వీర్‌లు పెట్టుకోం కదా, కంటికి కాస్త రంగు, కాస్త కదలిక కావాలనిపిస్తుంది. మచ్లీలంటే మనకి మొదట్నుంచీ షౌక్. ఆ షౌక్‌తో నాకు ఝగడా లేదు. నా ఝగడా అంతా ఆ తొట్టి దేనితో చేయించాలన్న దాని మీద.

"షీషా పాత జమానా సరుకు సాబ్. ఇప్పుడంతా అక్రిలిక్కే. తేలిక, పగలదు, మెరుస్తుంది. దుబాయ్‌లో కూడా అదే" అని దుకాణ్‌దార్ అంటాడు. మన భాయీజాన్ తలూపుతాడు. రియాద్‌లో ఉన్న తమ్ముడికి వాట్సాప్‌లో ఫోటో పోతుంది. "పైసల గురించి ఫికర్ చేయొద్దు, మంచిదే తీసుకోండి" అని అక్కణ్ణుంచి జవాబు వస్తుంది. మంచిది అంటే ఖరీదైనది అని మన ఇళ్ళల్లో ఎప్పుడో తీర్మానమైపోయింది కాబట్టి బేరం అక్కడితో ఖతం.

నేను సాఫ్‌గా చెప్తున్నా. మామూలు ఇంటికి, ఎనిమిదడుగుల పొడవు, రెండున్నర అడుగుల ఎత్తు లోపల తొట్టికి షీషానే సరైనది. అక్రిలిక్ గురించి దుకాణ్‌దార్ చెప్పే ఆ మూడు గుణాల్లో రెండు మీ ఇంట్లోకి వచ్చి నీళ్ళు పోసేసరికి మాయమవుతాయి, మూడోది ఆరు నెలల్లో పోతుంది.

ముందు దుబాయ్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఈ మోజుకి ఊట అక్కడే ఉంది. మనవాళ్ళు దుబాయ్ మాల్‌కి పోతారు, ఆ పెద్ద అక్వేరియం ముందు నిలబడి ఫోటో దిగుతారు. 2008లో ఆ మాల్ తెరిచినప్పట్నుంచీ గల్ఫ్‌లో పనిచేసే మన కుటుంబాల ఆల్బమ్‌లలో ఆ నీలం వెలుతురు ఫోటో ఒకటి తప్పక ఉంటుంది. అది అక్రిలిక్కే, కాదనను. కోటి లీటర్ల నీళ్ళు. ముందున్న కిటికీ దాదాపు 33 మీటర్ల వెడల్పు, 8 మీటర్లకి పైగా ఎత్తు. దాని మందం ఎంతో తెలుసా? 750 మిల్లీమీటర్లు. అంటే ముప్పావు మీటరు. మన ఇంటి గోడ తొమ్మిదంగుళాలు, దానికి మూడింతలకన్నా మందం. అంత మందాన, అంత పొడవున పారదర్శకంగా షీషా పోయడం కుదరదు కాబట్టి అక్కడ అక్రిలిక్ వాడారు. వాళ్ళకి వేరే దారి లేదు. మీకుంది. మీ దుకాణ్‌దార్ మీకిచ్చేది పది పన్నెండు మిల్లీమీటర్ల రేకు. దానికీ దీనికీ రిష్తా పేరులో మాత్రమే. అన్నట్టు, ఆ ముప్పావు మీటరు మందం దగ్గర కూడా 2010 ఫిబ్రవరిలో ఫలకాల అతుకు దగ్గర నీళ్ళు కారి, మాల్‌లో ఆ భాగం మూయాల్సి వచ్చింది. సెల్ఫీలో అది కనిపించదు.

ఇక "తేలిక" దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం హిసాబ్ చేయాలి, విసుక్కోకండి. ఇదంతా పదో తరగతి లెక్కే. నేను ఉర్దూ మీడియంలో చదువుకున్నప్పుడు పీడనాన్ని దబావ్ అనేవాళ్ళం, సాంద్రతని కసాఫత్ అనేవాళ్ళం. ఏ జబాన్‌లో చదివినా నీళ్ళు ఒకటే.

షీషా కసాఫత్ రెండున్నర. అక్రిలిక్‌ది 1.19. అంటే ఒకే మందం రేకులు తీసుకుంటే అక్రిలిక్ సగం కన్నా తక్కువ తూగుతుంది. దుకాణ్‌దార్ అబద్ధం చెప్పలేదు. కానీ అతను చెప్పకుండా వదిలేసింది ఏమిటంటే, ఒకే మందం వేయడం కుదరదు. షీషాతో పోలిస్తే అక్రిలిక్ ఇరవై రెట్లకి పైగా మెత్తన. నీళ్ళు తోస్తే ఉబ్బుతుంది, కడుపులా ముందుకొస్తుంది. షీషా ఎంత గట్టిగా నిలబడుతుందో అంత గట్టిగా నిలబడాలంటే అక్రిలిక్ దానికి దాదాపు 2.8 రెట్లు మందం ఉండాలి.

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న తొట్టి తీసుకోండి. 12 మిల్లీమీటర్ల షీషాతో చేస్తే ఖాళీ తొట్టి బరువు సుమారు 120 కిలోలు. అంతే బిగువు అక్రిలిక్‌తో కావాలంటే 33 మిల్లీమీటర్లు వేయాలి. అప్పుడు తొట్టి 160 కిలోలు దాటుతుంది. అవును, షీషా కన్నా బరువు. అంత మందం ఎవరూ వేయరు కాబట్టి, కాస్త ఉబ్బితే ఉబ్బనీ అని, పైన అడ్డపట్టీలు అతికించి 20 మిల్లీమీటర్లతో సరిపెడతారు. అది మంచి కారీగర్ చేసిన మాట. అప్పుడు తొట్టి వంద కిలోలకి దగ్గర. మిగిలింది ఎంత? ఇరవై, పాతిక కిలోలు. ఇప్పుడు అందులో నీళ్ళు పోయండి. 680 లీటర్లు, అంటే 680 కిలోలు. రాళ్ళు, ఇసక, స్టాండు కలిపితే మొత్తం తొమ్మిది వందల కిలోల దగ్గరికి వస్తుంది. తొమ్మిది వందల్లో పాతిక తగ్గిందని మీ స్లాబు శుక్రియా చెప్పదు. ఆ తేలిక ఆ తొట్టిని మెట్లెక్కించే నలుగురు కూలీలకి పనికొస్తుంది, ఒక్క పూట. ఒక్క పూట కోసం మిగతా పదేళ్ళని బేరం పెట్టడం ఏం అఖల్?

మరి బజార్లో "చూడండి, ఎంత తేలికో" అని ఒక్కడే ఎత్తి చూపించే ఆ తొట్టి సంగతేమిటి? అది తేలిక కాదు, పలచన. పలచన అని చెప్తే మీరు కొనరని తేలిక అంటున్నాడు. అంతే.

రెండోది "పగలదు". దీన్ని నేను సగం ఒప్పుకుంటా. క్రికెట్ బంతి తగిలితే, పిల్లాడు బొమ్మ కారు విసిరితే షీషా చిట్లొచ్చు, అక్రిలిక్ మాత్రం తట్టుకుంటుంది. దెబ్బని ఓర్చుకోవడంలో అది షీషా కన్నా ఎన్నో రెట్లు మేలు. కానీ అక్వేరియం బంతి దెబ్బతోనే పోతుందా? ఎక్కువగా పోయేది అతుకు దగ్గర. రాత్రీ పగలూ, ఒక్క నిమిషం ఆగకుండా నీళ్ళు తోస్తూనే ఉంటాయి. నేను చెప్పిన ఆ ఆరడుగుల తొట్టి ముందు పలక మీద నీళ్ళ తోపు ఎంతో లెక్క కడితే 340 కిలోలు. ఎత్తు రెండు నుంచి మూడడుగులకి పెంచండి, అది 760 దాటుతుంది. పొడవు కాదు ప్రమాదం, ఎత్తు. నీళ్ళ దబావ్ లోతుతోనే పెరుగుతుంది. "సమందర్‌లా కనిపించాలి" అని ఎత్తు పెంచమనే అల్లుళ్ళకి ఈ మాట ఎవరైనా చెప్పాలి.

అక్రిలిక్ ఆ తోపుకి వంగుతుంది, వంగినచోట అతుకు లాగబడుతుంది. కొంత నీళ్ళు కూడా పీల్చుకుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ లోపల వెంట్రుకంత పగుళ్ళు పడతాయి. వెలుతురు పక్కగా పడితేనే కనిపిస్తాయవి. గ్లాస్ క్లీనర్ కొట్టి తుడిచారనుకోండి, శానిటైజర్ చేత్తో రోజూ ముట్టుకున్నారనుకోండి, ఆ పగుళ్ళు తొందరగా వస్తాయి. అమోనియా, ఆల్కహాల్ రెండూ అక్రిలిక్‌కి జహర్. మన ఇళ్ళల్లో అద్దాలన్నిటికీ ఒకటే స్ప్రే డబ్బా. టీవీ, అల్మారా, అక్వేరియం అన్నిటికీ అదే. పనమ్మాయికి ఎవరు చెప్తారు, ఈ ఒక్కదానికి వద్దని?

"పగలదు" అన్నవాళ్ళకి బెర్లిన్ గుర్తుచేయాలి. అక్కడ ఒక హోటల్ లాబీలో నిలువు గొట్టంలా కట్టిన అక్వేరియం ఉండేది, అక్రిలిక్‌దే. పది లక్షల లీటర్ల నీళ్ళు, సుమారు 1500 చేపలు. 2022 డిసెంబర్ 16 తెల్లవారుజామున ఒక్కసారిగా పేలినట్టు పగిలిపోయింది. నీళ్ళు లాబీని ఊడ్చుకుంటూ వీధిలోకి వచ్చాయి, ఇద్దరికి గాయాలయ్యాయి, చేపల్లో దాదాపు అన్నీ పోయాయి. పగటిపూట అయ్యుంటే ఏమయ్యేదో అల్లాహ్‌కే తెలుసు. ప్రపంచంలో పేరున్న వాళ్ళు కట్టినదానికి అలా జరిగింది. నిపుణులు పరిశీలించి కూడా ఫలానా ఒక్కటే కారణమని తేల్చి చెప్పలేకపోయారు. మన గల్లీ చివర రేకులు అతికించేవాడు మాత్రం "గ్యారంటీ సాబ్" అంటాడు.

దూరం ఎందుకు, టోలీచౌకీలో మా ఫుప్పీ కొడుకు ఇంట్లో జరిగింది చెప్తా. మూడో అంతస్తు. తమ్ముడు పంపిన పైసలతో నగరంలో ఒక దుకాణంలో ఆరడుగుల అక్రిలిక్ తొట్టి చేయించాడు. రెండు అరవానాలు, కొన్ని పారట్ చేపలు. ఏడాది తిరిగేసరికి ముందు పలక ఉబ్బి, నిలబడి చూస్తే చేప ఒకచోట పొట్టిగా, ఒకచోట పొడుగ్గా కనిపించేది. పిల్లలు నవ్వుకునేవాళ్ళు. పైనున్న పట్టీ మూల దగ్గర సన్న గీతలు వచ్చాయి. దుకాణ్‌దార్‌కి ఫోన్ చేస్తే "కుచ్ నై హోతా సాబ్" అన్నాడు. రమ్‌జాన్‌లో ఒకరోజు సహ్రీకి లేచేసరికి దీవాన్‌ఖానాలో చీలమండ లోతు నీళ్ళు. అడుగు అతుకు జానెడు మేర విడిపోయింది.

నీళ్ళు మూడో అంతస్తులోనే ఆగవు కదా. కింద ఫ్లాటులో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఒంటరిగా ఉంటారు. ఆమె అల్మారా సరిగ్గా ఆ గోడ కిందే ఉంది. సర్వీసు కాగితాలు, పెన్షన్ కాగితాలు, పోయిన మొగుడి రాతలు అన్నీ అందులోనే. భాయీజాన్ తెల్లారి పోయి మాఫీ అడిగితే ఆమె ఒక్క మాట అనలేదు, కాగితాలు మంచం మీద ఆరబెట్టుకుంటూ కూర్చున్నారు. సీలింగుకి రంగు వేయించి ఇచ్చాడు. కాగితాలకి ఏం చేయగలడు? ఇటు తొట్టికి మరమ్మతు చేయిద్దామని మాకు తెలిసిన షీషా కారీగర్‌ని పిలిస్తే, చేత్తో తడిమి చూసి లేచాడు. "ఇది షీషా కాదు భాయ్, దీనికి సిలికాన్ పట్టదు" అన్నాడు. నిజమే. షీషా తొట్టి కారితే పాత సిలికాన్ గీకి, కొత్తది వేసి, ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు. అక్రిలిక్ అతుకు ద్రావకంతో కరిగించి కలిపేది. విడిపోతే ఇంట్లో కూర్చుని చేసేది కాదు. అమ్మిన దుకాణం వాళ్ళు వచ్చి "మీ స్టాండు వంకరగా ఉంది" అని చెప్పి పోయారు. స్టాండు కూడా వాళ్ళిచ్చిందే.

పొరుగువారి హక్ గురించి మనకి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. జిబ్రీల్ (అ) ఎంతగా తాకీదు చేస్తూ వచ్చారంటే, వారసత్వంలో కూడా పొరుగువారికి వాటా ఇప్పిస్తారేమో అని హుజూర్ (స) అనుకున్నారని మనం చిన్నప్పట్నుంచీ వింటున్నాం. అందులో పొరుగువారి మజ్‌హబ్ ఏదన్న షరతు లేదు. మూడో అంతస్తులో ముక్కాలు టన్ను నీళ్ళు నిలబెట్టుకుంటున్నామంటే రెండో అంతస్తు వాళ్ళ నెత్తి మీద నిలబెడుతున్నామనే లెక్క. వాళ్ళని అడిగామా?

మెరుపు గురించి తొందరగా తేల్చేస్తా. కొత్తలో అక్రిలిక్ షీషా కన్నా తేటగా ఉంటుంది, నిజం. మామూలు షీషాలో ఇనుము ఉంటుంది కాబట్టి మందం పెరిగేకొద్దీ పచ్చదనం కనిపిస్తుంది. అది నచ్చకపోతే ముందు పలక ఒక్కటి ఇనుము తక్కువున్న తేట షీషాతో వేయించుకోండి, ఖర్చు కాస్త పెరుగుతుంది. కథ ముగిసింది.

కానీ ఆ మెరుపు ఎన్నాళ్ళుంటుంది? ఇక్కడ మన నీళ్ళ గురించి మాట్లాడాలి. అక్రిలిక్ గొప్పలు రాసేవాళ్ళు మెత్తటి నీళ్ళుండే దేశాల్లో కూర్చుని రాస్తారు. మన బోరు నీళ్ళు సంగతి మన గిన్నెలకి తెలుసు, గీజర్‌కి తెలుసు, మన జుట్టుకి తెలుసు. అక్వేరియంలో నీళ్ళు ఆవిరై మట్టం తగ్గిన చోటల్లా తెల్ల సున్నం గీత పడుతుంది. పది రోజులు వదిలేస్తే అది రాయిలా గట్టిపడుతుంది. షీషా అయితే గుడ్డని సిర్కాలో ముంచి తడిపి, కాసేపాగి బ్లేడుతో గీకితే పోతుంది. అక్రిలిక్ మీద బ్లేడు పెట్టారా, ఇక అది మీ ఇంట్లో తర్‌తరాల గుర్తు. గిన్నెలు తోమే పచ్చ పీచుతో రుద్దినా అంతే. పాచి తీయడానికి వాడే అయస్కాంతం బిళ్ళకింద ఒక్క ఇసక రేణువు చిక్కుకుంటే చాలు, ఈ చివర నుంచి ఆ చివరకి గీత. ఆస్కార్ లాంటి చేప గులకరాళ్ళు నోటితో ఎత్తి విసురుతూ ఉంటుంది, దానికి అక్రిలిక్ అని తెలియదు.

"గీతలు పాలిష్ చేసుకోవచ్చు, షీషాకైతే కుదరదు కదా" అంటారు. కుదురుతుంది. సన్నని సాండ్‌పేపర్లు వరసగా, ఒకదాని తర్వాత ఒకటి రుద్దాలి. లోపలి గీతలకైతే చాలాసార్లు తొట్టి ఖాళీ చేయాలి, చేపల్ని వేరే చోట పెట్టాలి. ఎవరు చేస్తారు? కొన్న భాయీజాన్ చేస్తాడా? ఈ ఒక్క సవాలు నేను మన మగవాళ్ళందరికీ వేస్తున్నా. అక్వేరియం కొనేది మనం, మేమానులు వస్తే పక్కన నిలబడి చేప పేర్లు చెప్పేది మనం. పాచి గీకేది, బకెట్లతో నీళ్ళు మార్చేది అమ్మీ, భాభీ, పనికొచ్చే అమ్మాయి. వాళ్ళని ఒక్కసారైనా అడిగామా, ఏది కడగడం తేలిక అని? మా బంధువుల ఇళ్ళల్లో నేను అడిగాను. అక్రిలిక్ తొట్టి ఉన్న ప్రతి ఇంట్లో ఆడవాళ్ళు ఒకటే మాట అన్నారు, "ముట్టుకుంటే భయం" అని. గీత పడితే ఎవరు తిట్లు తింటారో వాళ్ళకి తెలుసు. ఇంటి జీనత్ కోసం తెచ్చిన వస్తువు ఇంటి మనిషికి భయమైతే అది జీనత్ ఎలా అవుతుంది?

పైగా అక్రిలిక్ తొట్టి పైభాగం తెరిచి ఉండదు. ఉబ్బకుండా ఆపడానికి పైన రేకు వేసి, చేయి దూరేంత కంతలు మాత్రం వదులుతారు. ఆ కంతల్లోంచి మూలలకి చేయి అందదు. ఎండాకాలంలో ఇంకో చిక్కు. హైదరాబాద్ మే నెలలో తొట్టి నీళ్ళు ముప్పై డిగ్రీలు దాటిపోతాయి, ఆక్సిజన్ తగ్గి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. అప్పుడు మనకున్న చౌక మందు ఒక్కటే, నీళ్ళ పైన చిన్న ఫ్యాను పెట్టి ఆవిరి చేయించడం. పైన రేకు కప్పేస్తే ఆవిరి ఎక్కణ్ణుంచి పోతుంది? అక్రిలిక్ వేడిని బయటికి పోనివ్వదని గొప్పగా చెప్తారు. హీటర్ బిల్లు కట్టుకునే చలి దేశాల్లో అది గుణం. వేడి పోతే చాలు దేవుడా అనుకునే చోట దాన్ని గుణం అని అమ్మడానికి చాలా జిగర్ కావాలి.

అక్రిలిక్ ఎవరికీ వద్దని నేననడం లేదు. ఎత్తు ఐదారడుగులు దాటితే, వంపు తిరిగిన ఆకారం కావాలంటే, మెట్లు మరీ ఇరుకై షీషా తొట్టి ఎక్కే దారే లేకపోతే, సాండ్‌పేపర్ పట్టుకునే ఓపికున్న షౌకీన్ ఇంట్లో ఉంటే తీసుకోండి. అప్పుడు కూడా కాస్ట్ రేకు అడగండి. ఎక్స్‌ట్రూడెడ్ అని ఇంకో రకం ఉంటుంది, చౌక. దుకాణాల బోర్డులకి అది సరిపోతుంది. నీళ్ళని మోయడానికి కాదు.

ఇప్పుడు షీషా అమ్మేవాళ్ళ వంతు. వాళ్ళని వదిలేస్తే ఇన్సాఫ్ కాదు. నిజానికి మనవాళ్ళు షీషా మీద నమ్మకం పోగొట్టుకోవడానికి సగం కారణం వాళ్ళే. ఆరడుగుల తొట్టికి 8 మిల్లీమీటర్లు వేసి "బహుత్ హై" అనడం మామూలైపోయింది. షీషా తట్టుకునే బలం మందంతో వర్గంగా పెరుగుతుంది. అంటే 12 మిల్లీమీటర్లు 8కి ఒకటిన్నర రెట్లు కాదు, రెండు రెట్లకి పైగా బలం. అక్వేరియం కట్టేవాళ్ళు సాధారణంగా పాటించే హిఫాజత్ లెక్క 3.8. అంటే పగిలే తోపుకి దాదాపు నాలుగో వంతు దగ్గర పని చేయించాలి. రెండడుగుల ఎత్తు, ఆరడుగుల పొడవుకి ఆ లెక్క కడితే 13 మిల్లీమీటర్ల దగ్గర తేలుతుంది. కాబట్టి పైన పట్టీలు వేస్తే 12, ఏమీ లేకుండా తెరిచి ఉంచాలంటే 15. అదే తొట్టికి 8 వేస్తే లెక్క ఒకటిన్నర దగ్గరికి పడిపోతుంది. ఆ తొట్టి నిలబడుతుంది, నిజమే. నిలబడి ఉన్నన్నాళ్ళు నిలబడుతుంది. ఒక రాయి జారి తగిలిన రోజు, స్టాండు ఒక మూల దిగిన రోజు దాని దగ్గర ఇక ఓపిక మిగలదు.

"టఫెన్డ్ వేస్తా సాబ్, పలచనైనా పర్వాలేదు" అని ఇంకో రాగం. టఫెన్డ్ షీషా బలమైనదే, కానీ పోయినప్పుడు మొత్తం ఒక్కసారే గుళ్ళగుళ్ళయి రాలిపోతుంది. మామూలు షీషా చాలాసార్లు ముందు చిట్లుతుంది, బకెట్లు తెచ్చుకునే టైమ్ ఇస్తుంది. టఫెన్డ్ చేశాక దానికి కంత వేయడం కూడా కుదరదు. ఫిల్టర్ పైపుకి కంత కావాలంటే ముందే వేయించాలి.

సిలికాన్ కూడా చూసుకోండి. బాత్రూములకి వాడే సిలికాన్‌లో బూజు పట్టకుండా మందు కలుపుతారు, ఆ మందు నీళ్ళలోకి దిగి చేపల్ని చంపుతుంది. అక్వేరియం సిలికాన్ వేరే. సిర్కా వాసన వస్తుంది, ఆరడానికి వారం ఇవ్వాలి. పెళ్ళి ఉంది, వలీమా ఉంది, రేపే కావాలి అని తొందరపెట్టేది మనమే. పచ్చి అతుకు మీద నీళ్ళు పోయించుకుని తర్వాత కారీగర్‌ని తిట్టడం న్యాయం కాదు.

స్టాండు దగ్గర లెవెల్ పెట్టి చూడమనండి. తొట్టి అడుగున థర్మకోల్ షీటు వేయమనండి, చిన్న ఎత్తుపల్లాల్ని అది మింగేస్తుంది. ఇక స్లాబు సంగతి. ఇళ్ళ గదులకి మన దేశపు ప్రమాణం లెక్కగట్టే బరువు చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు. మనం చెప్పుకున్న తొట్టి నిలబడిన జాగాలో అది 800 దగ్గరుంటుంది. ఆ ఒక్క జాగా అంత మోస్తే స్లాబు కూలుతుందని కాదు, గది మొత్తం మీద బరువు పంచుకుంటుంది. అయినా గది మధ్యలో పెట్టకండి, కింద బీమున్న గోడ పక్కన పెట్టండి. పాత ఇల్లయితే, పైన అంతస్తు తర్వాత లేపిందయితే, ఒక ఇంజనీరుని పిలిచి చూపించండి. అతనికిచ్చే ఫీజు రెండు ఫ్లవర్‌హార్న్‌ల ఖరీదు కూడా కాకపోవచ్చు.

"చేపల తొట్టికి ఇంత తకరారా?" అనేవాళ్ళు ఉంటారు, ప్రతిసారీ ఉంటారు. ఉంది. పిల్లిని కట్టేసి, తాను తిండి పెట్టక, దాన్ని వెతుక్కోనివ్వక చంపిన ఆడమనిషి హదీస్ మన పిల్లలకి కూడా కంఠతా వచ్చు. అలాగే చిన్న అబూ ఉమైర్ పెంచుకున్న పిట్ట పోతే హుజూర్ (స) ఆ పిల్లాణ్ణి ప్రేమగా పలకరించిన సంగతీ తెలుసు. అందుకే పెంచుకోవడం గునాహ్ కాదు అని ఉలమా చెప్పారు. కానీ పెంచుకున్నది అమానత్. తమ్ముడు ఎడారిలో ఓవర్‌టైమ్ చేసి పంపిన పైసలు కూడా అమానతే. ఆ పైసల్ని మెరిసే రేకు మీద పోసి, మిగిలినదాంతో ఫిల్టర్ చిన్నది కొనే ఇళ్ళు నేను చూశా. షీషా తీసుకుంటే మిగిలే పైసలతో పెద్ద ఫిల్టర్ వస్తుంది, కరెంటు పోయినప్పుడు నడిచే ఎయిర్ పంపు వస్తుంది. చేపకి కావాల్సింది అవి. తనని ఏ పలకలోంచి చూస్తున్నారో దానికి అక్కర్లేదు.

ఇన్షా అల్లాహ్ మీరు షీషానే చేయిస్తున్నారనుకుంటా. బేరమయ్యాక పూర్తి పైసలు ఇవ్వకండి. సగమిచ్చి, తొట్టి ఆరాక దాన్ని దుకాణంలోనే అంచుదాకా నీళ్ళతో నింపి మూడు రోజులు ఉంచమనండి. కింద న్యూస్‌పేపర్ పరిచి ఉంచితే చుక్క పడినా మర్నాడు మరక కనిపిస్తుంది. ముందు పలక మధ్యలో దారం అడ్డంగా బిగించి పట్టి, ఎంత ఉబ్బిందో చూడండి. మందం మీరే స్కేలు పెట్టి కొలవండి, చీటీ మీద రాయించుకోండి. దుకాణ్‌దార్ చిరాకు పడితే పడనివ్వండి, పక్కనే ఇంకో దుకాణం ఉంటుంది.